చేతులు బయట పెట్టరాదు

ఎండకి గదేంది మే, అన్నాడు చెంగయ్య
తాపీ తొట్లో పడేసి.
నడిబజార్లో నిలబడు,
ముత్తుకూరులో ఎండ ఊరికే దొరుకుతాది,
దానికి సిమెంటెందుకు?

నవ్వా. వెంగమ్మా నవ్వింది,
ఇసక తట్ట నెత్తిన అట్టాగే ఉంచుకొని.

వాళ్లకేం చెప్పను,
రొయ్యల కంపెనీ చల్లగదిలో
పదకొండేళ్లుగా నా చేతులు
పుష్యమాసం దాటలేదని.
తలకాయ తీయి, నరం లాగు, ఐసులో వెయ్.
తలకాయ తీయి, నరం లాగు.
రోహిణిలో రోళ్లు పగిలే రోజు కూడా
రబ్బరు బూట్లలో నా కాలివేళ్లు
ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.

పీఎఫ్ డబ్బులు చేతికొచ్చినప్పుడు
తలా ఒక మాట.
బోరు వేయించమంది తోడికోడలు.
గది కట్టి పోర్టు కుర్రాళ్లకి అద్దెకిమ్మన్నాడు మరిది.
పెంచలయ్య మాత్రం
బీడీ ఆర్పి, కొలత టేపు తెచ్చి
పెరటి గోడ కొలవడం మొదలుపెట్టాడు,
ఎందుకని అడక్కుండా.

పెరడంటే ఏముంది మాకు?
అంట్లు, బొగ్గులు, ఉడుకునీళ్ల కాగు,
ఆరేసిన చీర చాటున తుడుచుకున్న ముక్కు.
వీధరుగు మీద కూర్చున్నోళ్లని చూశా గానీ
పెరట్లో ఊరికే కూర్చున్న ఆడమనిషిని
నేను పుట్టి బుద్ధెరిగాక చూడలా.

గోడ పగిలిన రోజు
వెలుగు ఒక్కసారిగా వంటింట్లోకి దూకింది.
సిగ్గేసింది.
ఉప్పుజాడీ వెనక బూజు,
ఉట్టి తాడు మీద నల్లటి జిడ్డు,
మా అత్త బొగ్గుతో గీసిన పాలలెక్క:
నాలుగు గీతలు, అడ్డగీత, మళ్లీ నాలుగు.
ఎవరు ఎవరికి బాకీయో ఇప్పుడు ఎవరికీ తెలీదు.
ఆ ముక్క వదిలేసి కొట్టు, అన్నా.
వదిలేసి కొట్టాడు చెంగయ్య.
అందుకే మా గది ఆ మూల కాస్త వంకర.

కొత్త అద్దాలు కొనే తాహతు లేదు.
నెల్లూరు ఆటోనగర్లో
చక్రాలు పోయిన ఆర్టీసీ బస్సొకటి,
దాని కిటికీలు తూకానికి తెచ్చాడు పెంచలయ్య.
లాగితే కిర్రుమంటాయి,
గాలొస్తే గూడూరు పోతున్నట్టు దడదడ.
ఒక చట్రం మీద ఎవరో మేకుతో గీసుకున్న పేరు, సగమే.
ఇంకోదాని కింద ఎర్రరంగు అచ్చరాలు:
చేతులు బయట పెట్టరాదు.
గీకేస్తానన్నాడు. వద్దన్నా.

గది అవతల చెక్క అరుగు.
కృష్ణపట్నంలో విప్పేసిన పడవ చెక్కలు,
కింద సరుగుడు గుంజలు.
పన్నెండు చెక్కలు. ఎంత కడిగినా ఉప్పు పోలా,
ఎవరూ లేనప్పుడు నాకి చూశా.
అవతల కాలవ, కాలవ దాటితే రొయ్యల గుంటలు,
నీళ్లు చిలికే చక్రాలు.
నా పని నాకు కనపడతానే ఉంటాది.
ఏం జేస్తాం.

నిజం చెప్పాలి, ఎండాకాలం
చెంగయ్యే గెలిచాడు.
గది పొయ్యయింది.
మిరపకాయలు ఎండాయి, ఒడియాలు ఎండాయి,
మనిషన్నవాళ్లు అడుగు పెట్టలా.
తోడికోడలు మూడుసార్లొచ్చి చూసి
మూడుసార్లూ ఏమీ అనకుండా పోయింది,
అనుంటే బాగుండు.
తుపాను వానకి కిటికీలు
బస్సు బుద్ధి చూపించాయి,
ఏ సీటూ వదలకుండా కారాయి.

ఇప్పుడు మార్గశిరం.
రాత్రి షిఫ్టు దిగి వచ్చా.
టీ గ్లాసు పట్టుకుంటే
వేడిగా ఉందని కళ్లకే తెలుస్తోంది, పొగ చూసి.
తూర్పున తోడికోడలి మేడ,
దాని నీడ అరుగు మీంచి
చెక్కచెక్కా వెనక్కి తగ్గుతోంది.
అటు చివర ఒకటి. రెండు.
మూడోదాని మీద కాకి ఉంటే
కాకినీ తడిపి వచ్చింది ఎండ.
స్టేజీలో నిలబడ్డట్టు చూస్తున్నా.
తొందర లేదు, ఇది రాకుండా పోయే బండి కాదు.

ఎనిమిదో చెక్క.
తొమ్మిది.
కిటికీ లాగా, కిర్రుమంది.
ఎర్ర అచ్చరాల మీదుగా
రెండు చేతులూ బయట పెట్టా.

ముందు చిటికెనవేలికి తెలిసింది.