గుక్కెడు గాలి

అద్దానికి అంటుకున్న గుడ్లు
పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి తీశాను.
అరవై మూడు. రెండుసార్లు లెక్కపెట్టాను,
ఇనుప సామాన్ల కొట్లో చిట్టా రాసే చెయ్యి, ఊరుకోదు.

ఇదంతా మొదలైంది ఒక బకెట్టు నీళ్ళతో.
మునిరత్నం డ్యూటీ దిగి తెచ్చాడు,
ట్యాంకరు అడుగున చల్లబడిన రెడ్‌హిల్స్ నీళ్ళు.
ఊరందరికీ వాల్వు తిప్పి వదిలే మనిషి
ఇంట్లో ఒక్క బకెట్టుకు రాత్రంతా మూత తీసి కాపలా.
క్లోరిన్ పోవాలంట, మీసాలోళ్ళకు పడదంట.
"నాకు పడద్దా అని ఎవురన్నా అడిగినారా" అని గొణుగుతూనే
పొద్దున చెంబుతో కొంచెం కొంచెంగా తొట్టిలో పోశాడు.

బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీ చెప్పకముందే
వాటికి తెలిసిపోయింది.
మగవి రెండు, ఆడది ఒకటి,
గాజు వెంట పైకీ కిందికీ ఒకటే పరుగు.
పొట్ట కింది రెక్కలు దొన్నెలా ముడిచి
రెండో మూడో గుడ్లు మోసుకుపోయి
అది చోటు వెతికింది.
ఇక్కడ వద్దు. ఇక్కడా కాదు. ఇక్కడ.
పెరంబూరులో అద్దెగది చూడ్డానికొచ్చినప్పుడు
నేనూ ఇట్లాగే గోడలు తడిమాను,
చెమ్మ ఉందేమోనని.

పెట్టిన కాసేపటికి వెనక్కొచ్చి
తన గుడ్లు తనే రెండు తినేసింది.
కోపం రాలేదని చెప్పను.

ఐస్‌క్రీము డబ్బా. కొళత్తూరు సెల్వమణి అన్న ఇచ్చిన
నీలిమందు రెండు చుక్కలు.
కార్పొరేషన్ బడి గోడ పక్కన ఏరిన బాదం ఆకు.
రెండో రోజుకు కొన్ని తెల్లబడ్డాయి,
బూజు పట్టిన సగ్గుబియ్యంలా.
పక్కదానికి అంటేలోపు పిన్నీసుతో తీసెయ్యాలి.
కొట్టివేతలు నాకు కొత్తేం కాదు.
అయినా ఇరవై రెండోదాని దగ్గర
చెయ్యి ఆగింది.

"పిల్లల్లాగా చూసుకుంటావే" అంటుంది పై వాటా తమిళరసి అక్క,
జాలిగా, తలుపు సగం తెరిచి.
కాదక్కా, చేపల్లాగానే.

మూడోరోజు గుడ్డులో కళ్ళు కనిపించాయి.
రెండు నల్లచుక్కలు, చుట్టుకున్న తోక.
ఆ రాత్రే కరెంటు పోయింది.

గాలిమోటారు ఆగాక తెలిసింది
ఆ గురగురలోనే ఇన్నాళ్ళూ నిద్రపోతున్నానని.
నీళ్ళు కదలకపోతే లోపలివాటికి ఊపిరాడదు.
కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నాను,
కంటిమందు పోసే గాజుగొట్టంతో
పీల్చి వదిలి
పీల్చి వదిలి.
వీధిలో మోకాలి లోతు నీళ్ళు,
ఇంట్లో తాగడానికి అరబిందె.

తెల్లారగట్ల మూడింటికి వచ్చాడు,
బండి మూలకడైలో వదిలేసి, నడుం దాకా తడిసి.
అన్నం అడగలేదు. పక్కన కూలబడి
"ఇటియ్యి" అన్నాడు.
చేతిలో ఆ రబ్బరు బుడ్డ బఠానీ గింజంత.
ఇనుప వాల్వులకు కాయలు కాచిన బొటనవేలు
అంత మెత్తగా నొక్కగలదని
పెళ్ళయిన పదకొండేళ్ళకు చూశాను.
నేను నిద్రపోయాను.

పందొమ్మిది.
మిగతావాటి లెక్క చిట్టాలో ఉంది, ఇక్కడ రాయను.

ఇప్పుడు వాటికి రోజూ నాలుగు పూటలు.
తలకిందులు చేసిన నీళ్ళసీసాలో
ఉప్పునీళ్ళు పోసి పొదిగిన పిసరు రొయ్యలు.
తిన్నవాడి పొట్ట నారింజరంగు తిరుగుతుంది,
తిననివాడు దొరికిపోతాడు.
డ్యూటీకి పోతూ చెప్పులేసుకుంటూ అరుస్తాడు:
"పదిహేడు తిన్నాయ్, రెండు అలిగినాయ్!"

పెద్దవయ్యాక సెల్వమణి ఒక్కోదానికి ఇరవై ఇస్తానన్నాడు.
ముప్ఫై అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

నిన్న సాయంత్రం, గోరులో సగం లేనిది ఒకటి
ఇసక వదిలి నిట్టనిలువుగా పైకి దూసుకొచ్చి,
పెద్దవాళ్ళలాగానే,
గుక్కెడు గాలి మింగి దిగిపోయిందంట.
"రావే, రావే" అని పిలిచాడు.
పోపు మాడుతోంది, గరిటె వదిలేసి పరిగెత్తాను.
నేను చేరేసరికి
నీటి మీద ఒక చిన్న సున్నా,
అదీ చెరిగిపోతూ.