పావు చుట్టు వెనక్కి

కురితీబాలో జూన్. కిటికీ అద్దాలకి చెమట.
వీధి మలుపులో పినియోన్ గింజలు ఉడుకుతున్న వాసన
మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వస్తుంది.
ఆ గింజనే కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు
పియానోలకి శ్రుతి పెట్టే ఎవాల్దో బొర్తొలూజీ.
డెబ్బై ఒక్కేళ్లు. గోళ్ల సందున ఇత్తడి మసి.

కుర్చీలో వాలగానే అడిగింది నొప్పి సంగతి కాదు.
"ఎంత బిగువులో దింపుతారు?"
"ముప్పై అయిదు చాలు" అంది డాక్టర్ యాద్వీగా,
"నలభై అయిదు దాటనివ్వను."
"నా బిరడాలకి అది ఏ మూలకి!"
అని, దూది కుక్కించుకోవడానికి నోరు తెరిచాడు.

నేను ట్రే పట్టుకునే మనిషిని.
ఆవిడ బల్ల సొరుగులో ఓ అగ్గిపెట్టె ఉందని నాకు తెలుసు,
అందులో పుల్లలు ఉండవనీ తెలుసు.
పదకొండేళ్ల కింద ఒక ఆదివారం, తొందరలో,
డెబ్బై దాకా తిప్పిన టైటానియం మర అది.
బయట మరచుట్లు నిన్న కోసినంత పదును.
లోపలే, ఆరు పలకల గుంటలో, మూలలు అరిగి
సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయి.

అంతా ఆ గుంటలోనే ఉంది.
కందిగింజ పట్టనంత చోటు, గోరంత మందం గోడలు.
దింపేటప్పుడు డ్రైవర్ పట్టేదీ ఆ ఆరు మూలల్నే,
రేపు పన్ను వచ్చి కూర్చునేదీ ఆ ఆరు మూలల మీదే.
దింపడంలో అలిసిపోయిన మూల
మోయాల్సిన రోజున
కొంచెం, వెంట్రుకవాసి, కదులుతుంది.
ఆ కదలిక నోటికి తెలియదు. మరకి తెలుసు.
ఒక ఏడాది నమిలాక
నోటికీ తెలుస్తుంది.

రాచెట్ పాడటం మొదలుపెట్టింది. టిక్. టిక్.
ఇరవై.
ఇరవై ఎనిమిది.
ముసలి దవడ, ఎండి గట్టిపడ్డ మొద్దులా ఉంది.
ముప్పై ఆరు. మర ఇంకా రెండు చుట్లు పైనే.
తెగేదాకా లాగొద్దంటారు,
మరి తిప్పేవాళ్లకి ఏం చెప్పారు పెద్దలు?
నలభై ఒకటి.
యాద్వీగా మణికట్టు మీద ఒక నరం లేచింది.

మత్తు నొప్పిని ఆపుతుంది, శబ్దాన్ని కాదు.
ఎముక మోసుకుపోతుంది దాన్ని నేరుగా చెవిలోకి.
కుర్చీ చెయ్యి మీంచి
ఎవాల్దో చిటికెన వేలు లేచింది,
పక్కగదిలో పాప తప్పు మెట్టు నొక్కితే
పాఠం చెప్పే మనిషికి లేచినట్టు.

సూది నలభై నాలుగు మీద ఉంది.
ఆవిడ చెయ్యి అప్పటికే ఆగిందో,
వేలు చూసి ఆగిందో,
ఆ రోజంతా ఆలోచించినా నాకు తేలలేదు.

పావు చుట్టు వెనక్కి. ఇంకో పావు.
బయటికి రావడానికి ఒప్పుకోని మరని
బతిమాలినట్టు పూర్తిగా విప్పి,
ఉప్పునీటి గిన్నెలో పడుకోబెట్టి,
ఎముకలో దారి మళ్లీ కోసింది, చేత్తో,
నెత్తురు చల్లబరుస్తూ, కిటికీ అవతల
రెండు ఎర్ర బస్సులు వెళ్లేంత సేపు.
ఈసారి ముప్పై ఎనిమిదిలో అడుగుకి తాకింది.

భూతద్దం ఇచ్చాను. దీపం వంచాను.
ఎర్రటి చిగురు నడుమ చిన్న చీకటి గుంట,
ఆరు మూలలు, ఆరూ పదునుగానే.
ఆవిడ లెక్కపెట్టింది, నోట్లో నోట్లోనే, రెండుసార్లు.
మూత బిగించడానికి మాత్రం రాచెట్ వద్దంది.
వేళ్లు చాలు.

"అర స్వరం పైకి పోయింది," అన్నాడు లేచి కూర్చుని.
సగం పెదవే మాట్లాడుతోంది, మిగతా సగం నిద్రలో ఉంది.
"కొయ్య పగలబోయే ముందు అలాగే అంటుంది."
"మీటరు చెప్పేదే," అంది యాద్వీగా, చేతులు కడుక్కుంటూ.
"చెప్పేదే," అన్నాడు.
ఇద్దరూ ఇంకేం అనలేదు.

మూడు నెలలు ఆ వైపు నమలకూడదు.
అయినా పోతూ పోతూ మలుపులో ఆగి
ఒక పొట్లం కొని నా కోసం పైకి పంపాడు.
ఉడికిన గింజలు. అన్నీ ఒలిచినవే.