తొంభై రెండు వేల చెవి

విద్యాధరపురం డిపోలో
ముప్ఫై ఒక్క ఏళ్ళు టైర్ల సెక్షన్.
బస్సు చక్రాల్లోంచి మేకులు పీకడం నా ఉద్యోగం.
రిటైరైన రోజున శాలువా కప్పి
ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు.
వచ్చిన డబ్బులో తొంభై రెండు వేలు పోసి
నేనొక చెవి కొనుక్కున్నాను.

పొడుగాటి కాడ, కింద పళ్ళెం,
పిడి దగ్గర అంకెలు వెలిగే చిన్న అద్దం.
ఎండల్లో బ్యారేజీ కింద కృష్ణ ఒట్టిపోయి
ఇసుక వెన్ను బయటపడ్డాక
తెల్లారగట్ల ఐదింటికి
నేనూ నా చెవీ ఏట్లోకి దిగుతాం.

మీటలు తెలియని మొదటి నెల జమ:
సోడా మూతలు నూటనలభై,
ఐదు రూపాయల బిళ్ళలు పదకొండు,
తక్కినవన్నీ మేకులు.
మేకులే.
జీతం తీసుకుని పీకిన మేకుల్ని
ఎదురు డబ్బిచ్చి వెతుక్కుంటున్నానని
మా వియ్యంకుడు వీరరాఘవులు నవ్వాడు.
"గిట్టుబాటేనా, బావగారూ?"

ఖాజా మొహిద్దీన్‌ది ఏడు వేల మిషను.
ఇస్లాంపేటలో రేడియోలు బాగుచేసే చేత్తో
దానికి తనే రెండుసార్లు అతుకులేశాడు.
తాళానికీ తగరానికీ చెప్పు మేకుకీ
దానిది ఒకటే అరుపు,
పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళంలా.
నాది నేర్చుకున్నాక అలా కాదు.
చెత్తయితే నోరు మూసుకుంటుంది.
ఏడు వేలకి అరుపు వస్తుంది,
పైన పోసిన ఎనభై ఐదు వేలూ
మౌనానికే.

ఆ సంగతి మూడు వారాలు గొప్పగా చెప్పుకు తిరిగాను.
చివరికి ఖాజానే అన్నాడు, టీ చల్లార్చుకుంటూ,
"పలచటి బంగారపుటుంగరం,
సిగరెట్టు పెట్టెలో తగరపు కాగితం,
ఆ అద్దంలో రెంటికీ ఒకే అంకె, కోటిలింగం గారూ.
చెత్త వద్దని చెవి మూస్తే
ఉంగరమూ వద్దన్నట్టే."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎన్ని ఉంగరాల మీదుగా
మర్యాదగా నడిచి వచ్చేశానో.
మర్నాడు మీట తిప్పి
అన్నీ వినడం మొదలెట్టాను.
తొంభై రెండు వేల చెవి
ఏడు వేల గొంతుతో అరిచింది.

రేవు మెట్ల దగ్గర కుర్రాళ్ళు
తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసురుతుంటారు.
వాళ్ళ పెట్టుబడి ఒక పగిలిన స్పీకరు.
మధ్యాహ్నానికి బిర్యానీ డబ్బులు లేచొస్తాయి.
పాత రాగి దానికి అంటదు, వెండి అంటదు,
అంటనివన్నీ మనకేనని ఖాజా ధైర్యం.

పోలమ్మకి తాడు కూడా లేదు.
వన్‌టౌన్ కంసాలి కొట్ల ముందు
కాలవ మట్టి ఊడ్చి తెచ్చి జలగడుగుతుంది.
చెక్క మరిగెలో తిప్పీ తిప్పీ
మట్టిని నీళ్ళకిచ్చేసి
అడుగున మిణుకుమనేదాన్ని వేలి కొసకి అద్దుకుంటుంది.
ఆ మరిగె మీద నా మిషను పెట్టి చూశాను.
ఉలకలేదు.
"దానికేం తెలుసయ్యా,
దానికి ఆకలుందా ఏమన్నానా" అంది.

జూన్ మొదటి వారం, ఇంకా చినుకు పడలేదు,
జానెడు లోతున గట్టిగా పలికింది.
తవ్వితే ఇత్తడి బిళ్ళ,
కండక్టర్లు జేబు మీద పెట్టుకునేది.
నంబరు 2217.
పిన్ను విరిగి కొక్కెం మిగిలింది.
ఎవరిదో, ఎలా జారిందో,
స్నానానికి దిగాడో
మరి దేనికి దిగాడో.

డిపోకి పట్టుకెళ్ళాను.
కౌంటర్లో అమ్మాయి మంచినీళ్ళిచ్చి
"అంత పాతవి కంప్యూటర్లో లేవు సార్" అంది.
పోలమ్మ అరచేతిలో ఎగరేసి పట్టి
"ఇత్తడి. పదిహేను రూపాయలిస్తా" అంది.
నేనివ్వలేదు.

గోడ గడియారం కింద
మేకుకి వేలాడుతోందిప్పుడు.
ఆ మేకూ ఏట్లో దొరికిందే.

జమాఖర్చు పుస్తకంలో
దాన్ని ఏ వరసలో రాయాలో తేలక
గడి ఖాళీగా వదిలేశాను.
సాయంత్రం వీరరాఘవులు ఫోన్ చేశాడు,
మళ్ళీ అదే, గిట్టుబాటేనా అని.
సరిగా వినపడటం లేదు బావగారూ,
చెవి ఛార్జింగులో పెట్టాను,
రేపు ఏట్లోంచి వచ్చాక మాట్లాడతాను
అన్నాను.