తాగని మనిషి

ఫ్లోరెస్ దీవిలో, రేవు గట్టు మీద
ఎవరిస్తో నడిచొస్తుంటే
పడవలవాళ్ళు నవ్వేవాళ్ళు:
"పొద్దున్నే పట్టించాడ్రోయ్!"
చర్చిలో కూడా రొట్టెముక్కతో సరిపెట్టుకునే మనిషి,
ద్రాక్షసారా వాసనే గిట్టదు.

వాళ్ళ నాన్నా ఇలాగే తూలాడు. నాన్న అక్కా.
ఆ ఇంటి గోడలకి నడుమెత్తున
చేతులు రాసి రాసి నునుపెక్కిన చార.

సముద్రం ఇవతల, కొయింబ్రాలో,
మిరియపు గింజంత అతని చర్మం
వయసు మరిచింది,
ఇంకా ఏమీ కాని కణాలైంది,
బతిమాలగా బతిమాలగా నాడీకణాలైంది.
వాటికి ఆదివారం తెలీదు.
బెల్మీరా వానలో సైకిలు తొక్కుకుంటూ వస్తుంది,
పాత ద్రవం పీల్చేసి కొత్తది పోస్తుంది.
నీళ్ళు కలిపిన ద్రాక్షసారా రంగు.
అదొక్కటే అతను తాగింది.

నూటపదో రోజు.
తిన్నగా సాగాల్సిన పోగొకటి
ఆగింది,
పక్కకి ఒరిగింది,
గోడ కోసం తడుముకుంటున్నట్టు.

నోటుపుస్తకంలో తేదీ వేసింది, లెక్క రాసింది.
అంచున, పెన్సిలుతో,
అక్కడ రాయకూడని మాట:
"ఇతను తాగలేదు."

తడి కోటు ఇంకా ఆరలేదు.
ఇంకో పదకొండు పళ్ళేలకి పొయ్యాలి.