ఐదో సున్నా

శ్రీసిటీ ట్రైనింగ్ హాల్లో
బోర్డు మీద నాలుగు సున్నాలు గీసినాడు జపాన్ సారు.
నచ్చేది. వచ్చేది. లోకానికి కావల్సింది. కూడు పెట్టేది.
నాలుగూ కలిసిన చోట చుక్క పెట్టి
"ఇకిగాయ్" అన్నాడు.
"ఏం గాయమే?" గుసగుసలాడింది మునెక్క.
నవ్వాపుకోలేక చచ్చినాను.

రాత్రి షిఫ్టు. రెండున్నర.
బ్రేకు రబ్బరు రింగులు
బొటనవేలి కింద తిప్పతా ఉండాను.
మిషను పాసు చేసిందే,
యాడో వెంట్రుకంత గరుకు.
మళ్ళీ తిప్పినాను. ఉండాది.
ఎర్ర ట్రేలో వేసినాను.
ఎవురూ చూళ్ళేదు.

ఏ ఘాటురోడ్డు మలుపులోనో
ఎవరి కాలో బ్రేకు మీద పడతాది.
వాళ్ళకు నా పేరెందుకు.

వరదయ్యపాళెం బస్సులో
నా భుజం మీద మునెక్క నిద్ర.
నా బొటనవేలు ఇంకా తిరగతానే ఉండాది
ఏమీ లేని సున్నా మీద.