చెక్ ట్రే

ఆరో నెల పడ్డాక
మా దయామణిని మొగల్తూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను,
చెరువుల మధ్య కంకర రోడ్డు మీద
గతుకు గతుక్కీ బండి ఆపుకుంటూ.

డెబ్భై ఐదు గ్రాముల గ్లూకోజు.
ఇజ్రాయేలు గారు నీళ్ళల్లో కలిపి
సగం నిమ్మచెక్క పిండారు.
"అయిదు నిమిషాల్లో తాగెయ్యాలమ్మా,
కక్కావంటే ఇంకో రోజు మళ్ళీ మొదలు."
ముక్కు మూసుకుని తాగింది.
ఆఖరి గుక్క దగ్గర నాకేసి చూసింది,
ఆ గ్లాసు నేనే కలిపినట్టు.

ఇక రెండు గంటలు.
బల్లల మీద తొమ్మిది పొట్టలు.
ఒకావిడ లేసు అల్లుతోంది,
నరసాపురం ఏజెంటుకి రేపటికి ఇవ్వాలట.
ఒకావిడ గోడకి ఆనుకుని నిద్రపోయింది.
లోపలివాడు మాత్రం తీపి తగలగానే
తెగ ఈదుతున్నాడని
నా చెయ్యి లాక్కుని పెట్టుకుంది మణి,
అంతమందిలో.

"ఒంట్లో బానే ఉందిగా, ఈ పరీక్షెందుకు?"
అని పొద్దున్నే మా అమ్మ అడిగింది.
ఇజ్రాయేలు గారు ఏదో చెప్పారు, మాయ, హార్మోన్లు, ఇన్సులిన్.
మణి తలూపింది.
అర్థం కాని ఊపు అది, నాకు తెలుసు.

అప్పుడు తట్టింది.
"ఒసే, ఇది మన చెక్ ట్రేనే!"

మేత జల్లాక
గుప్పెడు వలపళ్ళెంలో వేసి
తాడు కట్టి చెరువులోకి దించుతాం.
రెండు గంటలాగి లాగుతాం.
పళ్ళెం నున్నగా ఉంటే సరే.
మేత మిగిలిందా, లోపలేదో తేడా.
పైకి చూస్తే నీళ్ళు నిమ్మళంగానే ఉంటాయి.
అదే భయం.

"అయితే నేను రొయ్యల చెరువునా?" అంది.
లేసావిడ ఫక్కున నవ్వి
ముడి తప్పి మళ్ళీ విప్పుకుంది.

నూట అరవై రెండు.
నూట నలభై లోపు ఉండాలట.

తిరిగొచ్చేప్పుడు కాలవ దగ్గర బండి ఆపమంది.
"మొన్న పిన్ని తెచ్చిన కాజాలు రెండు,
ఆదివారం పాయసం, అదీ సగమే..."
వేళ్ళు మడుస్తూ లెక్క చెబుతోంది
దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

నాకు మాటలు చాతకావు.
పదకొండేళ్ళుగా చెరువు మీద ఉన్నోణ్ణి.
"మేత మిగిలిందని
ఎప్పుడన్నా రొయ్యని తిట్టానా మణీ?
మేత తగ్గిస్తాం. ఏరేటర్ తిప్పుతాం.
మళ్ళీ ట్రే దించుతాం."
ఏం మాట్లాడలేదు. బండెక్కి
నా చొక్కా పట్టుకుంది, మామూలుకంటే గట్టిగా.

రెండు వారాలు చూద్దామన్నారు డాక్టరమ్మ.
అన్నం రెండు గరిటెలు, తోటకూర, చేప పులుసు,
తిన్నాక గట్టు మీద నడక.
"ఇద్దరి తిండి తినాల్సిన పిల్ల" అని
మా అమ్మ మూడో గరిటె ఎత్తుతుంది,
నన్ను చూసి దించుతుంది,
నేను చూడనప్పుడు ఏం చేస్తుందో తెలీదు.

బుధవారం మళ్ళీ పరీక్ష.
ఇవాళ నాలుగింటి మేతకి ఆరింటి ట్రే.
మబ్బు పట్టింది, నోట్లో టార్చి పెట్టుకుని
తాడు లాగుతున్నాను.
ఎన్ని చుట్లయ్యాయో లెక్క తప్పి
గట్టు మీద ఆగిపోయింది మణి.
"ఏముంది?" అని అరిచింది.

నోట్లో టార్చి, చెప్పలేను.
పళ్ళెం తనకేసి వంచాను.
అంచున నాలుగు గింజలు.
వంగి, నడుం పట్టుకుని,
ఒక్కొక్కటీ చూసింది.