రెండో కన్ను

షుమావా కొండ మీద మార్చిలోనూ మోకాలి లోతు మంచు.
పెట్టె దించి బోల్టులు బిగిస్తుంటే
వ్లాస్తిమిల్ టీ ఫ్లాస్కుతో పక్కన నిలబడ్డాడు,
తన ఉద్యోగాన్ని స్తంభానికి బిగిస్తున్న మనిషికి
స్పానరు అందిస్తూ.

ముప్పై ఒక్క ఏళ్లు
మబ్బులేని ప్రతి రాత్రీ ఈ మెట్లెక్కి
కెమెరా మూత తీసి, తెల్లారేలోపు మూసినవాడు.
ఒళ్లు కాలిపోతున్నా ఎక్కేవాణ్ణి, అన్నాడు,
కొడుకు పుట్టిన రాత్రి తప్ప.
పెద్దది పడింది ఆ రాత్రే.

"వానొస్తే ఇది తనే మూసుకుంటుందా?"
మూసుకుంటుంది.
"మరి చలికి?"
లోపల చిన్న హీటరుంది.
"నిద్ర?"
నేను కేబులు కోసం సంచీలో వెతికాను.

చేప కన్నులాంటి గాజు.
పళ్లెంలో నీళ్లు పోసినట్టు
ఆకాశమంతా అంచుల దాకా అందులోనే.
సెకనుకి పదహారుసార్లు రెప్ప వేస్తుంది గనక
రాలే చుక్క గీతలా పడదు,
చీర అంచున వేసిన పొడి కుట్లలా పడుతుంది.
కుట్లు లెక్కపెడితే వేగం.

అయితే ఒంటికన్నుకి దూరం తెలీదు.
ఎటు పడిందో చెబుతుంది,
ఎక్కడ పడిందో చెప్పలేదు.
దానికి ఇంకో కొండ కావాలి.

ఆ కొండ తొంభై కిలోమీటర్ల అవతల.
అక్కడ మూత తీసేది క్వెతోస్లావా.
పొద్దున ఆరింటికి ఫోను మోగేది:
"రెండూ నలభై ఒకటి. హంస కింద. పచ్చగా?"
"పచ్చగానే. చివర్లో పగిలింది."
పెట్టేసేవాళ్లు.
ఒక్కసారీ కలుసుకోలేదట.
గొంతు తెలుసు, అన్నాడు. దగ్గు తెలుసు.

కిందటేడు ఆ కొండ మీద పెట్టె బిగించిందీ నేనే.
చెప్పకుండా ఉందామనుకున్నాను.
"టీ ఇచ్చిందా నీకు?" అనడిగాడు.
కాఫీ.
"ఓహో" అన్నాడు,
ఎన్నాళ్లుగానో తేలని ఒక లెక్క
కాస్త తేలినట్టు.

మొదటి రాత్రి ఫైళ్లు వారం తర్వాత తెరిచాను.
మూడూ పంతొమ్మిదికి ఒకటి,
పదమూడు కుట్లు, రెండు కొండలకీ చిక్కింది.
ఎత్తు, వాలు, వేగం
ఎవరూ ఎవరికీ ఫోను చేయకుండానే వచ్చేశాయి.

మా చిత్రం కింది అంచున, దక్షిణం వైపు,
ఒక ఉన్ని టోపీ.
నాలుగు గంటలు కదల్లేదు.
ప్రోగ్రాం దాని చుట్టూ ఎర్రగీత గీసి
అవరోధం, తొలగించాలా? అనడిగింది.

అదే రాత్రి అవతలి కొండ చిత్రం తెరిస్తే
ఉత్తరపు అంచున
అదే ప్రశ్న.